కర్టెన్ అవతల మంచం

మా అమ్మాయి పింకీ పెళ్ళి ఇంకా పన్నెండు రోజులుందనగా స్కూలుకి సెలవు పెట్టి బాపట్ల వెళ్ళాను. రేపల్లెలో బస్సెక్కినప్పుడు మా ఆయన ఫ్రాన్సిస్‌కి చీరల పని అని చెప్పాను. నిజానికి వెళ్ళింది చర్మం డాక్టరు దగ్గరికి.

నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఇరవై మూడేళ్ళుగా హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు, స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవి. నన్ను చూడగానే క్లాసు చప్పుడు లేకుండా కూర్చుంటే అది గౌరవం అనుకునేదాన్ని. ప్రధానం ఫొటోలు వచ్చిన రోజు పింకీ ఒక్కొక్కటీ జరుపుతూ, "ఆ రోజు నీకేమైనా నచ్చలేదా అమ్మా? ఎందుకంత కోపంగా ఉన్నావు?" అంది. ఆ రోజంతా నేను సంతోషంగా ఉన్నాను. ఆ మాట దానికి ఎలా చెప్పాలో తెలియలేదు.

బాపట్లలో డాక్టర్ అభిరామ్ గారు నా నుదురు వేళ్ళతో నొక్కి చూశారు. ముఖం చిట్లించమన్నారు, కళ్ళు పెద్దవి చేయమన్నారు. వాడే మందులన్నీ అడిగారు.

"గీతలు పోయే ఇంజెక్షన్ చేయొచ్చండి. కానీ ఇప్పుడు కాదు" అన్నారు. "మందు పూర్తిగా పట్టడానికి రెండు వారాలు పడుతుంది. ఏదన్నా తేడా వస్తే సర్దడానికి మీకు టైం లేదు. పెళ్ళయ్యాక రండి."

నా మొహంలో నిరాశ కనిపించిందేమో, గుమ్మం దాకా వచ్చి మళ్ళీ చెప్పారు. "ఎక్కడికైనా వెళ్తే మాత్రం చేసేది డాక్టరో కాదో రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. కొత్త సీసా మీ కళ్ళ ముందే తెరవాలి. జవాబు సరిగ్గా రాకపోతే లేచి వచ్చేయండి. మొహమాటపడకండి."

శనివారం నేను తెనాలి ప్యాసింజరెక్కాను. ఫోన్లో అదే ఇంజెక్షన్‌కి ప్రకటన చూశాను. లేడీస్‌కి లేడీసే చేస్తారు, గంటలో ఇంటికి వెళ్ళొచ్చు, వారంలో ఫలితం. ఎవరికీ చెప్పలేదు.

మార్కెట్ వెనక సందులో గాజుల కొట్టు, దాని పక్కనుంచి ఇరుకు మెట్లు. మధ్యాహ్నం రెండయింది. మబ్బు పట్టి ఉక్కగా ఉంది. పైన ఒకటే గది. కిటికీకి ప్లైవుడ్ కొట్టేసి, దాని మీద పూల కాయితం అంటించారు. స్పిరిట్ వాసన, దాని మీద అగరుబత్తి వాసన, రెండిటి కిందా ఇంకేదో పుల్లటి వాసన. నేను లోపలికి రాగానే వెనక తలుపు దానంతట అదే టక్కున పడింది.

మాస్కు పెట్టుకున్న ఆవిడ నన్ను చూసి ఉలిక్కిపడింది. అపాయింట్‌మెంట్ రెండింటికి ఇచ్చింది తనే. అయినా నేను వస్తానని మర్చిపోయినట్టు చూసింది.

గదిలో రెండు మంచాలు. అవతలి మంచానికి ఆకుపచ్చ కర్టెన్ లాగి ఉంది. కర్టెన్ కింద నుంచి రెండు పాదాలు, వాటికి వెండి మెట్టెలు కనిపిస్తున్నాయి.

"ఆవిడకి పొద్దున చేశానండి. పడుకుంది" అంది మేడమ్. అటు చూడకుండానే అంది.

"మీ రిజిస్ట్రేషన్ నంబరు..." అని అడిగాను.

గోడ మీది ఫ్రేముకేసి చెయ్యి చూపించింది. అద్దం మీద ట్యూబులైటు వెలుగు పడి ఒక్క అక్షరం కనపడలేదు. చిన్న ఫ్రిజ్‌లోంచి సీసా తీసింది. సగమే ఉంది.

"కొత్తది తీయరాండి?"

"ఇది పొద్దున్నే తీసిందండి. అవతలి ఆవిడకి వాడాను. మంచి మందు, పారబోస్తామా?"

లేచి వచ్చేయొచ్చు. నా చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. తెలియనిది అడగండి అని పిల్లలకి ఇన్నేళ్ళు చెప్పినదాన్ని, రెండు ప్రశ్నలడిగాను, రెండిటికీ సరైన జవాబు రాలేదు. అప్పటికే ఆవిడ దూదితో నా నుదురు తుడుస్తోంది. ఇంత దూరం వచ్చి, అడ్వాన్సు పంపి, ఇప్పుడు వద్దంటే ఏమనుకుంటుందో అనిపించింది. పడుకున్నాను.

సూది కనుబొమల మధ్య దిగింది. రెండోసారి, మూడోసారి... అయిదోసారి గుచ్చాక కరెంటు పోయింది.

"కదలకండి. ఇన్వర్టర్ చూసొస్తా" అంది. చెప్పుల చప్పుడు. తలుపు తెరుచుకుంది, పడింది. తర్వాత బయట గొళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది.

చీకటంటే అలాంటి చీకటి నేను చూడలేదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. కింద కొట్టులో గాజులు గలగలమంటున్నాయి. పట్టపగలు, బయట మనుషులు బేరాలాడుకుంటున్నారు. ఆ గదిలోకి మాత్రం ఏ వెలుగూ రావడం లేదు.

"అక్కా..."

కర్టెన్ అవతల నుంచి. చాలా మెల్లగా.

"ఏంటమ్మా?"

"ఆవిడ వెళ్ళిపోయిందా?"

"ఇన్వర్టర్ చూడ్డానికి వెళ్ళింది. వచ్చేస్తుంది."

"రాదు."

పుల్లటి వాసన ఎక్కువైంది.

"పొద్దున గొంతు పట్టేసిందక్కా. పిలుద్దామంటే నోరు పెగల్లేదు. ఆవిడ నన్ను చూస్తానే ఉంది..."

"ఇప్పుడు మాట్లాడుతున్నావుగా. భయపడకు" అన్నాను.

ఆమె ఊపిరి కోసం చెవులు రిక్కించాను. నా ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

"నీకూ ఆ సీసాలోదే చేసిందా?"

"అవును..."

"అయితే నేనొక్కదాన్నే ఉండక్కర్లేదు."

బ్యాగులో తడిమి ఫోను తీశాను. సిగ్నల్ లేదు. టార్చి వేసి కర్టెన్ లాగాను.

నలభై ఏళ్ళ మనిషి. మంచి చీర కట్టుకుని వచ్చింది. కళ్ళు సగం తెరుచుకుని పైకి చూస్తున్నాయి. నుదుట బొట్టు తుడిచిన చోట గుండ్రటి తెల్ల మచ్చ. మొహం మీద ఒక్క గీత లేదు... కడిగిన పళ్ళెంలా ఉంది. పెదాలు బిగుసుకుపోయి ఉన్నాయి. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, కర్రలా ఉంది. వంగలేదు.

"తలుపు కొట్టక్కా."

ఆ పెదాలు కదల్లేదు. టార్చి వాటి మీదే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. గొంతు మంచం మీద నుంచి రాలేదు. నా నుదుటి లోపల నుంచి వచ్చింది.

అరిచాను. అరుస్తూ నుదుటి మీద చెయ్యి వేసుకున్నాను. నోరు అరుస్తోంది, నుదురు కదలడం లేదు. వేలికి చర్మం తగులుతోంది. చర్మానికి వేలు తగలడం లేదు. ఎవరిదో నుదురు ముట్టుకున్నట్టుంది.

స్టీలు ట్రే తీసుకుని తలుపు మీద బాదాను. కొట్టాను... కొడుతూనే ఉన్నాను. ట్రే వంగిపోయింది. చేతుల్తో కొట్టాను. వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూడలేదు.

గొళ్ళెం తీసింది కింద గాజుల కొట్టు యజమాని మోహనకృష్ణ. మెట్ల మీదే కూలబడిన నాకు మంచినీళ్ళిచ్చి, లోపలికి తొంగి చూసి, తెల్లబోయి నిలబడ్డాడు.

"ఇద్దరు ఆడవాళ్ళు అరుస్తున్నారని వచ్చానమ్మా" అన్నాడు.

ఆమె పేరు రత్తాలు. నిజాంపట్నంలో చేపల వ్యాపారం. ఎండలో తిరిగీ తిరిగీ మొహం ముడతలు పడిందని, ఇంట్లో చెప్పకుండా మొదటి బస్సుకి వచ్చిందట. పొద్దున పదింటికే ప్రాణం పోయి ఉంటుందని ఆసుపత్రిలో చెప్పారు. నేను ఆ గదిలోకి వెళ్ళింది రెండింటికి. ఆ మేడమ్‌ని మూడో రోజు విజయవాడ బస్టాండులో పట్టుకున్నారు. గోడ మీది ఫ్రేము మూడు నెలల బ్యూటీషియన్ కోర్సుది.

నన్ను గుంటూరు ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచారు. నీళ్ళు మింగగలుగుతున్నానా, రెప్పలు వాలుతున్నాయా అని గంటగంటకీ చూశారు. ఫ్రాన్సిస్ మంచం పక్కనే కూర్చున్నాడు. చీరల సంగతి ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, "నాకు చెప్తే నేనూ వచ్చేవాణ్ణి కదా ఎస్తేరూ" అన్నాడు.

అభిరామ్ గారు చూడ్డానికి వచ్చారు. కనుబొమలు పైకెత్తమన్నారు. ఎత్తలేకపోయాను.

"ఏ మందూ అప్పటికప్పుడు ఇలా పట్టదండి. రోజులు పడుతుంది" అన్నారు. "ఆ సీసాలో ఏముందో పరీక్షకి పంపారు. ఏమైనా మూడు, నాలుగు నెలల్లో తగ్గిపోవాలి." ఆ గొంతు సంగతి ఆయనకి చెప్పలేదు.

పెళ్ళి అనుకున్న రోజే జరిగింది. పింకీ చర్చి మెట్లు దిగి కారెక్కుతూ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం అలాగే ఉంది. వెనక ఎవరో అంటున్నారు, తల్లి ఎంత నిబ్బరంగా ఉందో చూడండి అని. లోపల ఎంత గింజుకున్నా ఒక్క గీత పైకి రాలేదు. గదిలోంచి బయటికి వచ్చాననుకున్నాను. గది నాతోనే వచ్చింది.

నాలుగు నెలలైంది. నుదురు కదలలేదు.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వరండాలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. రత్తాలు భర్త గురునాథం. కేసు వాయిదాకి నేను వస్తానో లేదో కనుక్కోవడానికి వచ్చాడు. తప్పకుండా వస్తానన్నాను. ఫ్రాన్సిస్ టీ ఇచ్చాడు. గురునాథం గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు. నన్నే చూస్తున్నాడు.

"తమరు బొట్టు పెట్టుకుంటారామ్మా?"

"లేదండి. మేం లూథరన్లం. పుట్టాక ఎప్పుడూ పెట్టుకోలేదు."

అతను తల దించుకున్నాడు. "మరి ఆ మచ్చ..." అన్నాడు.

లోపలికి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. కనుబొమల మధ్య, సూది దిగిన చోట, పావలా బిళ్ళంత గుండ్రంగా చర్మం తెల్లబడి ఉంది. ఏళ్ళ తరబడి పెద్ద బొట్టు పెట్టుకున్న వాళ్ళకి, దాని కింద ఎండ తగలక ఉండే తెలుపు. సబ్బుతో రుద్దాను. పోలేదు. పొద్దున తల దువ్వుకున్నప్పుడు అది లేదు.

నేను తిరిగొచ్చేసరికి గురునాథం లేచి నిలబడ్డాడు. ఫ్రాన్సిస్‌కి దణ్ణం పెట్టాడు. గుమ్మం దాటబోతూ ఆగి, నా కళ్ళలోకి కాకుండా, కాస్త పైకి చూశాడు.

"వెళ్ళొస్తానే" అన్నాడు మెల్లగా.

నాలుగు నెలల్లో మొదటిసారి, నేనేమీ చేయకుండానే, నా ఎడమ కనుబొమ పైకి లేచింది.