ఎంతకు? ఎందుకు?

“మా అక్క వంటింట్లో ఏమేం ఉన్నాయో అవే కావాలి. కాకపోతే ఓ అంగుళం పెద్దగా ఉండాలి,” అంది పండు, డిజైనర్ గడపలో అడుగుపెట్టీ పెట్టకముందే.

అతను టేపు తీసి గోడ చూశాడు, ఫ్రిజ్ చూశాడు, చివరికి పండుని చూశాడు. “అంగుళం పెరిగితే ఫ్రిజ్ తలుపు తెరుచుకోదండీ.”

“అది మీ సమస్య.”

“నాదేముందండీ! చల్లనీళ్ళు తాగాల్సింది మీరు.”

పండుకి ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది గానీ అతనికి చూపించలేదు.

అక్కంటే పెదనాన్న కూతురు. ఇద్దరూ ఒకే అద్దింట్లో, పైవాటాలో ఒకరు కిందివాటాలో ఒకరు పెరిగారు. అక్కకి పెద్ద ఉద్యోగం, అంతకన్నా పెద్ద ఉద్యోగమున్న మొగుడు, ఎదురు టవర్లో పన్నెండో అంతస్తులో ఫ్లాటు అమిరాయి. పండు తక్కువేం తినలేదు. చెవి ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తూ, నాన్నతో కలిసి లోను పెట్టి ఈ ఫ్లాటు కొంది. కానీ ఏం లాభం, మూడో అంతస్తు! బాల్కనీలోకి వస్తే తలెత్తి అక్క ఇంటిని చూడాలి. పొద్దున్నే ఆ దర్శనంతో కాఫీ చేదెక్కేది.

డిజైనర్ని పంపిందీ అక్కే. రెండిళ్ళ పనీ ఒకేసారి నడుస్తోంది. మొదట్లో పండు కుళ్ళంతా అక్క చిమ్నీ మీద, అక్క టైల్స్ మీద ఉండేది. పోనుపోను అది డిజైనర్ మీదికి మళ్ళింది.

“ఇవాళ అక్కింట్లో ఎంతసేపున్నారు?”

“పనున్నంతసేపు.”

“టీ ఇచ్చిందా?”

“ఇచ్చారు. బిస్కెట్లు కూడా.”

ఆ పూట పండు టీతోపాటు ప్లేటు నిండా బిస్కెట్లు పెట్టింది. అతను ఒకటి నమిలి, “ఇవి అంగుళం పెద్దవే,” అన్నాడు. ఈసారి నవ్వు దాచుకోవడం పండు వల్ల కాలేదు. ఆ తర్వాత అతను రాని రోజున ఇల్లు బోసిగా అనిపించడం మొదలైంది.

అక్క ఇల్లు ముందు పూర్తయింది. చుట్టాలందర్నీ పిలిచింది. వచ్చినవాళ్ళు నోటితో పొగుడుతూ కళ్ళతో ధరలు కడుతున్నారు. పండు డిజైనర్ని వెతుక్కుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. లోపల చిమ్నీ గుయ్యిమంటోంది. ఆ హోరులోంచి అక్క గొంతు వినిపించింది.

“మా పండుకి ఇదంతా ఎందుకు చేస్తున్నావయ్యా?”

“ఊరికేనండీ,” అన్నాడు డిజైనర్. అక్క పకపకా నవ్వింది.

పండు గుమ్మం దగ్గర్నించే వెనక్కి తిరిగింది. ఊరికేనా! ఆ కబుర్లు, ఆ చూపులు, అన్నీ కాలక్షేపమేనా? పైగా ఆ మాట అక్కతో చెప్పి నవ్విస్తాడా? ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చేసింది.

మర్నాడు సాయంత్రం వాన. డిజైనర్ సొరుగుల పిడులు సంచీలో పెట్టుకుని, తడిసి ముద్దయి వచ్చాడు. పండు తువ్వాలు ఇవ్వలేదు.

“అవి అక్కడ పెట్టి వెళ్ళండి. ఇంకెవరైనా బిగిస్తారు.”

“ఏమైందండీ?”

“ఊరికే,” అంది పండు, ఆ మాటని పళ్ళ కింద నలుపుతూ. “నాకెందుకు ఇదంతా చేస్తున్నావని అక్క అడిగితే మీరన్న మాటే.”

అతను నుదురు కొట్టుకున్నాడు. “ఆవిడ ఎందుకు అని అడగలేదండీ. ఎంతకు అని అడిగారు! ఎంతకు చేస్తున్నావని! చెవులు పరీక్ష చేసే మీరే ఇలా వింటే ఎలాగండీ?”

పండుకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మళ్ళీ భగ్గుమంది.

“అంటే ఫీజు లేకుండానా? అందుకేనా నాన్న ఎంతివ్వాలని అడిగినప్పుడల్లా మీరు చివర్లో చూద్దామన్నారు? మేమేం గతిలేనివాళ్ళమా? అక్క దగ్గర ఎంత తీసుకున్నారో మా దగ్గరా అంతే తీసుకోవాలి! ఇంకాస్త ఎక్కువే తీసుకోండి!”

“అక్కగారికంటే మీరు తక్కువని కాదండీ.”

“మరి?”

“ఇప్పుడడగండి. ఎంతకు కాదు, రెండోది.”

పండు గొంతు తగ్గింది. “ఎందుకు?”

“అక్కడ పని ఎప్పుడైపోతుందా అని చూశాను. ఇక్కడ ఎక్కడైపోతుందోనని భయపడ్డాను. మీ అరలు మళ్ళీ మళ్ళీ కొలిచానంటే నాకు కొలవడం రాకనా? మీరంటే ఇష్టం. కానీ నాకు కారు లేదు, అద్దె గదిలో ఉంటున్నాను. మీ బావగారి పక్కన నిలబెడితే నేను ఏ అంతస్తులో ఉంటానో మీకు తెలుసు.”

ఎవరిని చూసినా ఇంకొకరి పక్కన నిలబెట్టి చూడడం పండుకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా బావ మొహం గుర్తుకు రాలేదు. ఎదురుగా నీళ్ళోడుతూ నిలబడ్డ ఈ మనిషి ఒక్కడే కనిపిస్తున్నాడు. రాత్రంతా ఇతను చేజారిపోయాడనుకుని తను ఎందుకంతలా ఏడ్చిందో ఒక్కసారిగా తెలిసొచ్చింది.

“నాకూ మీరంటే ఇష్టమే,” అంది. చెబుతూనే తువ్వాలు తెచ్చి తనే అతని తల తుడవసాగింది.

తెరిచే ఉన్న తలుపులోంచి అక్క లోపలికొచ్చింది. చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఓహో, ఇదా సంగతి! నా దగ్గర ముక్కుపిండి వసూలు చేశాడే పండూ! మీ బావ పెళ్ళయిన ఇన్నాళ్ళకి ఒక్కసారి కూడా నా కోసం ఇలా వానలో తడిసి రాలేదు తెలుసా?”

అక్క గొంతులో అచ్చమైన అసూయ. పండు చిన్నప్పట్నుంచీ వినాలని ఎదురుచూసిన గొంతు అది.

“తర్వాత రా అక్కా,” అంది పండు, వెనక్కి తిరక్కుండానే. “ఈయన తల ఇంకా ఆరలేదు.”