సీలు మీద బ్లేడు గాటు

"నాలుగింటికి శాస్త్రవేత్తతో కారు బయల్దేరుతుంది. విదేశీ ముఠా ఆయన్ని దారిలో ఎత్తుకుపోవాలని చూస్తోంది." స్పానర్ పిడిలో దాచిన ట్రాన్స్‌మిటర్‌లోంచి చీఫ్ గొంతు. "కారు నడిపేది హీరో."

మళ్లీ హీరోనే! మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్‌కి ఒళ్లు మండిపోయింది. గ్రీజు పూసుకునేది తను, సూటేసుకుని పేరు కొట్టేసేది వాడు.

షెడ్డు గుమ్మంలో హీరో టై సవరిస్తూ పగలబడి నవ్వుతోంది నెమలి. నెమలి ఆమె మారుపేరు, ముఠాలో మనవాళ్లు పెట్టిన మనిషి. ఆరేళ్లుగా ఏజెంట్ మనసంతా ఆమె మీదే. 'అంత నవ్వేంటో!' అని పళ్లు నూరుకున్నాడు.

"బాంబు లేదని మూడుసార్లు చూశాం కదరా. ఇంకా ఏం పీకుతున్నావ్?" అన్నాడు హీరో, వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దంలో జుట్టు దువ్వుకుంటూ.

"నువ్వు దువ్వుకో. నా పని నన్ను చేసుకోనీ."

ఇంజిన్ పక్కనున్న రబ్బరు టైమింగ్ బెల్టు మూత విప్పి పెన్ టార్చి వేశాడు. ఇరవై రోజుల కిందట వేసిన బెల్టు ఉబ్బి మెత్తబడింది, పళ్లు ఊడొస్తున్నాయి. పైన, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు మీద సన్నటి బ్లేడు గాటు. అందులోంచి చుక్కచుక్కగా కారిన నూనె రబ్బరును తినేసింది. దారిలో బెల్టు తెగితే ఇంజిన్ చచ్చిపోతుంది. వెనకే ముఠా లారీ వస్తుంది. బాంబుతో పనేముంది?

మూడు యాభై ఎనిమిది. మూత బిగించేస్తే హీరో కథ ఖతం! అరనిమిషం ఏజెంట్ చెయ్యి కదల్లేదు. వెనక సీట్లో శాస్త్రవేత్త కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఛీ, ఏం బుద్ధి నాది!

హీరో చెయ్యి తాళం మీద పడింది.

"తిప్పకు! ఇంజిన్ మీద నూనె మరక కనపడలేదా?"

"రోజూ కనపడేది. రోజూ తుడిచేశా. నా బండి మీద మరకా?"

"ఓరి నీ షోకు తగలెయ్య! బెల్టు మార్చిందెవడు?"

"నెమలి తీసుకొచ్చిన మనిషి."

నెమలి చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. ఏజెంట్ విసిరిన స్పానర్ మణికట్టుకు తగిలి పిస్టల్ కిందపడింది. ముఠాలో మన మనిషి కాదు, మనలో ముఠా మనిషన్నమాట! బేడీలు పడుతున్నా ఆమె చూపు హీరో మీదే. పట్టుకున్నది నేనైతే చూపు వాడి మీదా! అని ఏజెంట్ కుమిలిపోయాడు.

"మరి ఏ బండిలో వెళ్తారు?" నేలమీద పడ్డ స్పానర్‌లోంచి చీఫ్ అరిచాడు.

"నా డొక్కు వ్యాన్‌లో సార్. నేనే నడుపుతా."

శాస్త్రవేత్తను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తెల్ల సూటు హీరోకి మాత్రం వెనక గ్రీజు డబ్బాల మధ్య చోటు దొరికింది.