ఎదుటి పక్షం

జెరూసలేంలో మా చదువుల గదిలో ఎవరూ ఒంటరిగా చదవరు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, పైకి చదువుతూ పోట్లాడుకుంటారు. అది తెలియక నెఫెలి మొదటిరోజే నామీద మండిపడింది.

"లైబ్రరీలో నోరు మూసుకుని చదవడం రాదా మీకు?"

"ఇక్కడ నోరు మూసుకుంటేనే చదవడం రాదనుకుంటారండీ," అన్నాను.

ఆమె ఏథెన్స్ నుంచి వచ్చిన గ్రీకు పిల్ల. ప్రాచీన వీరగాథలను పోల్చే క్లాసులో సిప్పోరా టీచర్ మా ఇద్దరినీ జంట చేసింది. హీబ్రూ కథల పక్షం నాది, గ్రీకు కథల పక్షం ఆమెది.

చలికాలమంతా వాన, వేడివేడి సహ్లబ్ పాలు, గొడవ. వాళ్ళ వీరుడు బల్లెం ఎత్తే ముందు తాతముత్తాతల పేర్లు చెబుతాడు, స్నేహితుడు పోతే ఇసుకలో పొర్లి ఏడుస్తాడు. మా గొర్రెలకాపరి కుర్రాడు కొండంత యోధుడి మీదికి వెళ్తూ వాగులో ఐదు రాళ్ళు ఏరుకుంటాడు. భయపడ్డాడో లేదో కథ చెప్పదు.

"మీవాళ్ళు మనసులో మాట చచ్చినా చెప్పరు. అచ్చం నీలాగే," అని వెక్కిరించేది.

నిజమే. మావాళ్ళని దేవుడు పేరు పెట్టి పిలిస్తే "ఇదిగో, ఉన్నాను" అంటారు, అంతే. ఆ ఒక్క మాటతో ప్రాణమే చేతిలో పెట్టేస్తారని చెప్పినప్పుడు ఆమె చాలాసేపు పేజీ తిప్పలేదు. వాళ్ళ వీరుడి ఏడుపు చదువుతూ నేను కళ్ళు తుడుచుకున్న రోజు ఆమె నవ్వలేదు. ఆ రోజే నా పని అయిపోయింది.

ఫిబ్రవరిలో ఏథెన్స్ నుంచి ఆమెకు ఉద్యోగం కబురొచ్చింది. జవాబివ్వాల్సిన రోజే మా ఆఖరి క్లాసు. ఆఖరి క్లాసులో పక్షాలు మార్చుకుని వాదించడం మా గది ఆనవాయితీ. నన్ను గ్రీకు వీరుడిలా మాట్లాడమంది టీచర్.

లేచాను.

"నేను ఎల్నాతాన్‌ని. మా నాన్న రొట్టెలు కాలుస్తాడు, మా తాతా అదే పని చేశాడు. నాకు భయంగా ఉంది. రేపట్నించి నా ఎదురుగా ఉన్న ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నేను చూడలేను. నువ్వంటే నాకు ప్రేమ, నెఫెలీ."

గదిలో అందరూ చదవడం ఆపేశారు.

ఇక హీబ్రూ పక్షం ఆమెది. మొదలుపెడితే గంటసేపు ఆపని పిల్ల, ఫోన్ తీసింది. రెండు ముక్కలు రాసి ఏథెన్స్‌కి పంపేసింది. తర్వాత నావైపు చూసింది.

"ఇదిగో, ఉన్నాను," అంది.