బొమ్మ పోతే తప్ప

ఆఫీసులో అతన్ని అందరూ ‘చెరుపుడు మాస్టారు’ అంటారు. ఫోటోల్లో కంటికి కనబడకుండా దాచిన యజమాని ముద్రను నానా రకాలుగా చెరపబోయి, చెరగలేదని సంతకం పెట్టడం అతని ఉద్యోగం. అంటే రోజంతా ఓడిపోవడం. ఇంతకన్నా తనకి తగిన పని దొరకదని అతనే ఒప్పుకునేవాడు.

ముద్ర వేసే రహస్య తాళం, అంటే యంత్రానికిచ్చే గుర్తుల వరస, ఆఫీసులో ముద్రలు వేసే పెద్దాయన ఒక్కడిదే. ముద్ర ఉందో లేదో చూసే తాళం మాత్రం అందరికీ ఇస్తారు. దాంతో చూడగలరు గాని వేయలేరు. పెద్దాయన ఆ రహస్యంలో సగం యంత్రంలో, సగం తలలో ఉంచుకున్నాడు. ముద్ర వేసే ముందు బల్ల మీద వేలి కణుపుతో మూడుసార్లు తట్టేవాడు. “నా ముద్ర పోవాలంటే బొమ్మ పోవాలిరా అబ్బాయ్,” అని నవ్వేవాడు. తొమ్మిది రోజుల కిందట ఆ బల్ల మీదే తల వాల్చి, మళ్ళీ ఎత్తలేదు.

పాత తాళం ఆయనతోనే పోయిందని మాస్టారు రాసిస్తే గాని కొత్తది పుట్టదు. అందుకే సెలవు రోజు మధ్యాహ్నం ఒక్కడే కూర్చున్నాడు. నడుము పట్టేసింది. కళ్ళు మండుతున్నాయి. గదిలో పెద్దాయన రాసుకునే తలనొప్పి మందు వాసన ఇంకా వదల్లేదు.

ఆయన పోయాక తీసిన ఫోటోలు కావాలి. వాటిలో ముద్ర ఉండకూడదు; ఉంటే తాళం ఇంకా ఎవరి దగ్గరో బతికే ఉన్నట్టు. టీ కప్పు ఫోటో తీశాడు. ముద్ర లేదు. తన ముఖం తీసుకున్నాడు. లేదు. ‘దీన్ని ఎవడు సొంతం చేసుకుంటాడు?’ అనుకున్నాడు. అప్పుడే భార్య ఇంట్లో తీసి పంపిన ఫోటో వచ్చింది. ముందు పన్ను ఊడిన కూతురు, కిటికీ దగ్గర. అదీ ఎక్కించాడు.

ముద్ర ఉంది. పెద్దాయనది. ముద్ర బలం నూటికి నూరు.

యంత్రానికి మతిపోయిందనుకుని, ఆ ఫోటోకి చెరుపుడు పరీక్షలు పెట్టాడు. మాటిమాటికీ మీట నొక్కే ఓపిక లేక, ఒకదాని వెనక ఒకటి వాటంతటవే నడిచేలా ఎప్పుడో అమర్చుకున్నాడు. మొదటిది, మసక. బలం ఎనభై.

ఫోన్ మోగింది.

“ఏమండీ, చిన్నదానికి కళ్ళు మసకగా ఉన్నాయట. ఆ టీవీకి అతుక్కుపోతే ఉండవూ?”

“నా పోలికే. చల్లటి నీళ్ళతో కడుగు.”

రెండోది, మచ్చలు. బలం యాభై రెండు. యాభై దాటి కిందికి దిగితే ముద్ర చచ్చినట్టే.

మళ్ళీ ఫోన్.

“ఏమండీ... ఒళ్ళంతా నల్లటి చుక్కలు లేస్తున్నాయి. దానికి నేను కనబడటం లేదట. నాకు భయంగా ఉందండీ...”

వెనక నుంచి సన్నగా ఏడుపు.

తెర మీద మూడో పరీక్ష పేరు వెలిగింది. ఎడమ వైపు కత్తిరింపు.

ఫోటోలో ఎడమ వైపున... కూతురి చెయ్యి.

ఆపే మీట నొక్కాడు. ఆగలేదు. గీత అంచు నుంచి లోపలికి జరుగుతోంది... వేళ్ళ దాకా వచ్చింది...

బల్ల కిందికి దూరి వైరు పట్టి పీకాడు. తెర నల్లబడింది. మందు వాసన గుప్పుమంది.

చాలాసేపటికి భార్య గొంతు వినిపించింది. “తగ్గిపోయాయండీ. ఒక్క చుక్కా లేదు. ఆకలంటోంది.”

ఫోన్లోని ఫోటో తుడిచేద్దామని వేలు పెట్టాడు. గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

ఇవాళ సంతకం పెట్టకపోతే, రేపు ఇంకెవరో ఇదే ఫోటోని మళ్ళీ పరీక్షకి ఎక్కిస్తారు. కాగితం తీసి, ‘పాత తాళం పోయినది’ అని రాశాడు. సంతకం వంకరగా వచ్చింది. అతని సర్వీసులో మొదటి అబద్ధం.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. చెప్పులు విప్పడానికి గడపలో చతికిలబడ్డాడు. కూతురు వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులేసింది. పది వేళ్ళూ లెక్కపెట్టుకున్నాడు. ఉన్నాయి. ఒళ్ళు తేలికైపోయి కళ్ళు మూసుకున్నాడు.

“అలిసిపోయావా నాన్నా?”

“అవునమ్మా.”

ఒక చెయ్యి మెడ వదిలింది. వీపు మీద, చిన్న వేలి కణుపుతో...

టక్.

టక్.

టక్.