సాంచాలు ఆగినంక

కోరుట్ల రైస్‌మిల్లులో కావలి పని దొరికిందని వెళ్ళిన గంగారాం ఎనిమిదో రోజుకే సిరిసిల్లకు తిరిగి వచ్చేశాడు! అరుగు మీద బీడీలు చుడుతున్న రత్నమాలకు భర్త ముఖం చూడగానే అర్థమైంది... ఆ పని కూడా పోయిందని.

ఇరవై రెండేళ్లు సాంచాల మీద, ఆ మరమగ్గాల మోతలో, చీరల బట్ట నేసిన మనిషి ఆయన. ఆర్డర్లు ఆగిపోయి, సేటు కార్ఖానాకు తాళం వేసి అయిదు నెలలైంది. అప్పటినుంచీ ఇల్లు ఆమె బీడీల మీదే నడుస్తోంది.

"ఏమైంది? ఎందుకు వద్దన్నరు?"

గంగారాం సంచి దింపి, ఆమెకు వీపు పెట్టి గడపలో కూర్చున్నాడు. రత్నమాల బీడీల చాటను పక్కకు నెట్టేసింది. పదేళ్లుగా ఇదే వరస! పది మాటలు చెబితే ఒక్కదానికి జవాబు. జ్వరమొచ్చిందని చెప్పినా తల ఊపి వెళ్ళిపోయేవాడు. తనంటే ఆయనకు లెక్కే లేదనుకుని ఎన్నిసార్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందో!

"నేను సచ్చినా నీకు పట్టది!" అంది వెనకనుంచి. ఆయన కదలలేదు.

అప్పుడే కూతురు ఉమారాణి ఫోన్ పట్టుకుని బయటికి వచ్చింది.

"అమ్మా, మిల్లు గుమాస్తా ఫోన్ చేసిండే. లారీ ఎంతసేపు హారన్ కొట్టినా బాపు గేటు తియ్యలేదట. నిద్రపోలేదట, కుర్చీల కూసోనే ఉన్నడట... 'మీ బాపుకు చెవులు వినవడయా బిడ్డా?' అని అడిగిండు."

రత్నమాల మెల్లగా భర్త ఎదుటికి వచ్చి కూర్చుంది.

"నీకు... వినవడ్తలేదా?"

ఆమె పెదవులనే చూస్తున్న గంగారాం కళ్ళు నిండిపోయాయి.

"సాంచాల మోతల ఎవ్వనికీ వినవడది రత్నా... మూతులు చూసి మాట్లాడుకుంటం. ఆ మోతకే నా చెవులు పోయినా అక్కడ నడిచింది. ఇంట్లనేమో నువ్వు పొయ్యి దిక్కు తిరిగి చెప్తుంటివి. మల్ల అడిగితే చెవిటోడని తెలుస్తదని..."

"గట్లెట్ల దాస్తివయ్యా! నేనంటే ఇష్టం లేదనుకున్న... గిన్నేండ్లు!"

ఆయన తల అడ్డంగా ఊపుతూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

వారం తిరక్కుండానే ఆయనను వెంటబెట్టుకుని ఊరి బయటి కుట్టు కార్ఖానాకు వెళ్ళింది రత్నమాల. "ఈయనకు వినవడది సార్. గానీ బట్టల పోగు తెగితె చేత్తోనే పసిగడ్తడు" అని ఉన్నదున్నట్టు చెప్పింది. బట్ట తనిఖీ చేసే పని ఆయనకు, తానూ చేస్తానంటే కుట్టుమిషన్ మీద పని ఆమెకు దొరికాయి. జీతం మునుపటంత కాదు... అయినా పని!

మొదటిరోజు నడిచి వెళ్తుంటే ఆమె ఏదో అంది. పక్కనే నడుస్తున్న గంగారాం ఆగాడు.

"ఏమన్నవ్? వినవడలే. మల్ల చెప్పు."

పదేళ్లలో ఆయన అలా అడగడం అదే మొదటిసారి! రత్నమాల నడిరోడ్డు మీదే ఆయన వైపు తిరిగి నిలబడి, మళ్లీ చెప్పింది.