మెడ మీద గాటు లేదు

ఉదయం 6.20. వేదాద్రి రోడ్డు. పోలీసులు ఆపిన జీపులో డ్రైవరు ఒక్కడే. వెనక దుప్పి శవం. మగది. గోనెపట్టా కింద నుంచి కొమ్ములు పొడుచుకొచ్చాయి.

ఎస్సై గ్రేసీ పట్టా తీసి చూసింది. పొట్టలో తూటా గాయం. కాళ్లకు నైలాన్ తాడు. తాడు కింద చర్మం ఒరుసుకుపోయింది. కట్టేశాక కూడా గింజుకుందన్నమాట. సీటు కింద కత్తి. కత్తికి రక్తం లేదు.

8.05. జగ్గయ్యపేట స్టేషన్.

జీపు భవానీప్రసాద్‌ది. ఒక్క వార్డు మెంబరైనా లేని పార్టీకి రాష్ట్ర కార్యదర్శి. పంట తినే అడవిపందుల్ని రైతే కాల్చుకోవాలని పోయిన వారం నందిగామ సెంటర్లో మైకు పట్టాడు. అప్పట్నుంచీ జనం రెండుగా చీలి తిట్టుకుంటున్నారు.

ఇప్పుడాయన స్టేషన్లో రెండో ప్లేటు ఇడ్లీ తింటున్నాడు. పక్కన డ్రైవర్ ఇమాం, తల వంచుకుని.

"నేనే కాల్చానండి. ఇంట్లో కూరకని."

"తుపాకి ఏది ఇమాం?"

"నాటుదమ్మా. ఏట్లో పారేశాడు," అన్నాడు భవానీప్రసాద్.

"ఎన్నింటికి కాల్చావు?"

"అయిదింటికి. నేను ఇంట్లో పడుకునున్నా."

ప్రశ్న ఇమాంకి. జవాబు నాయకుడిది.

గుమ్మం దగ్గర ఇమాం భార్య రజియాబీ. "జైలు మూడేళ్లకి తగ్గదంటగా మేడం? మమ్మల్ని చూసుకుంటానని సారు మాటిచ్చారంట. ఈయన మాటా!"

8.20. పశువుల డాక్టరు ఫోన్. తూటా తగిలాక అరగంట పైనే బతికుందట.

గ్రేసీ ఫోన్ పెట్టేసింది.

"ఇమాం, మీ ఇంట్లో హలాల్ చేయని మాంసం పొయ్యెక్కుద్దా?"

"ఎక్కదండి."

"కూరకే కొట్టావు. అరగంట ప్రాణంతో ఉంది. చేతిలో కత్తుంది. మెడ మీద గాటే లేదు. ఎందుకు కొయ్యలేదు?"

ఇమాం నాయకుడి వైపు చూశాడు.

"మెడ కోస్తే తల గోడకి పనికొస్తదా అమ్మా?" అన్నాడు భవానీప్రసాద్, చట్నీ నాకుతూ.

గ్రేసీ ఆయన వైపు తిరిగింది.

"ఎవరి గోడకి సార్?"

వేలు నోటి దగ్గరే ఆగిపోయింది.

ఇమాం తలెత్తాడు. "కత్తి తీశానండి. కనీసం దాని బాధ తీరుద్దని సారు కాళ్లు పట్టుకున్నా. తల పార్టీ ఆఫీసులో పెట్టాలి, ముట్టుకోకురా అన్నారు. అది తన్నుకుంటంటే పక్కన నిలబడి సిగరెట్ కాల్చారండి."

"మసకలో పందనుకున్నానమ్మా!"

"కొమ్ముల పందా?"

కానిస్టేబుల్ కిటికీలోంచి తుపుక్కున ఉమ్మాడు.

"ఇమాం, ఇదంతా రాయించి ఇంటికెళ్లు," అంది గ్రేసీ. గుమ్మం దగ్గర రజియాబీ మొగుడి చెప్పులు ముందుకు జరిపింది.

భవానీప్రసాద్ లేచాడు. "చెయ్యి కడుక్కోనివ్వమ్మా."

గ్రేసీ ఇంకు ప్యాడ్ ముందుకు తోసింది.

"ముందు వేలిముద్రలు. కడుక్కునేది తర్వాత."