కెప్టెన్ హెల్మెట్ పగిలిన తర్వాత

నవ్య వస్తూనే, కూర్చోకుండా, ఫోను బల్ల మీద పెట్టింది.

"మా నాటకం చివరి భాగం బయటికి పోయింది సార్. ఆదివారం విడుదల కావాల్సింది. సాయంత్రంలోగా మస్తాన్‌ని తీసేయమంటున్నారు మా యజమానులు. రికార్డింగంతా అతని కంప్యూటర్లోనే ఉంటుంది మరి. అతను అలాంటివాడు కాదు. కానీ ఏం చూపించి కాపాడను?"

ఆమె బెంగళూరు హూడిలో 'శుక్రనౌక' అనే ఆడియో నాటకం తీస్తోంది. మస్తాన్ దానికి సౌండ్ ఇంజనీరు. డిటెక్టివ్ ఆదినారాయణప్ప ఆ నాటకం పేరైనా వినలేదు. అసిస్టెంటు జెస్సీ మాత్రం బెళ్ళందూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ప్రతి భాగమూ వింది.

"వినిపించమ్మా," అన్నాడాయన.

కెప్టెన్ భూమికి వీడ్కోలు చెబుతున్నాడు. గొంతు దగ్గరగా, బిందెలోంచి వచ్చినట్టు ఉంది. నౌకలోని కంప్యూటర్ జవాబు దూరంగా వినిపించింది. చేతులు మారుతూ వచ్చిన క్లిప్పు అది. మొదట పంపిందెవరో తెలియదు.

"హెల్మెట్ పెట్టుకున్నాడేంటి?" జెస్సీ నోరు జారింది. "పోయిన భాగంలోనే పగిలిపోయిందిగా!"

నవ్య మళ్ళీ వింది. "కంగారులో గమనించలేదు. హెల్మెట్ గొంతు కోసం మూతి ముందు స్టీలు గిన్నె పెట్టిస్తాం. రిహార్సల్లో అలవాటు కొద్దీ పెట్టేశాం. రికార్డింగుకు ముందు నాకు గుర్తొచ్చి తీయించాను."

ఆదినారాయణప్ప లేచాడు. "మీ స్టూడియో యాడుండాది?"

స్టూడియోలో మస్తాన్ వైర్లు చుడుతున్నాడు.

"రిహార్సల్‌కి ఉంటివా అప్పా?"

"లేను సార్. అది పక్కగదిలో, మైకుల్లేకుండా చేస్తారు. నేను రికార్డింగుకే వస్తాను."

నౌక కంప్యూటర్‌కి గొంతిచ్చే ఫాతిమా, పక్కనున్నాయన్ని చూపిస్తూ అంది: "నేనూ నవ్యా గది ఆ చివర కూర్చుంటాం సార్. ఈయన గిన్నె పక్కన కూర్చుంటే చెవులు మిగలవు."

కెప్టెన్ వేషం వేసే బసవరాజు నవ్వాడు.

"చదివేటప్పుడు కాగితం చప్పుడు మైకులో పడదా?" ఆదినారాయణప్ప అడిగాడు.

"అందరిదీ పడుతుంది," అన్నాడు మస్తాన్. "బసవరాజన్నది ఒక్కసారీ పడలేదు. ఆయన్ని చూసి నేర్చుకోండని చెబుతుంటాను."

"యా బడిలో చదివితివప్పా?"

"ఇక్కడే అన్నా. కన్నడ శాలె," అన్నాడు బసవరాజు.

ఆదినారాయణప్ప నలుగురినీ కూర్చోబెట్టాడు. జెస్సీ తలుపు దగ్గర నిలబడింది. ఈ ఘట్టం కోసమే ఆమె జీతం ఆలస్యమైనా ఆయన దగ్గర మానలేదు.

"క్లిప్పులో గిన్నె ఉండాది. అంటే అది రిహార్సల్. మస్తాన్ అప్పుడు లేడు, అతని కంప్యూటరూ లేదు. కెప్టెన్ గొంతు దగ్గర, ఫాతిమా గొంతు దూరం. అంటే ఫోను కెప్టెన్ దగ్గరుండాది. ఎందుకు రికార్డు చేసుకుండాడు? పేజీ తిప్పకుండా నాటకమంతా చదివేటోడు లోకంలో లేడప్పా. ఆయన చదవడంలేదు. విని, కంఠతా పట్టి చెబుతాడు."

బసవరాజు తల దించుకున్నాడు. "ఇంట్లో తెలుగే. తెలుగు రాత మాత్రం కూడబలుక్కోవాల. రిహార్సల్లో మేడం ముందు చదివి చూపిస్తే అది విని చెబుతా. తెలిస్తే కెప్టెన్‌ని మారుస్తారని భయపడితిని. ఇంట్లో ఫోనులో వింటావుంటే మా అన్న కూతురు దాన్ని స్నేహితురాలికి పంపేసింది."

"నా ఉద్యోగం పోతోందని తెలిసీ నోరు మెదపలేదా అన్నా?" అన్నాడు మస్తాన్.

"తప్పయిపోయింది తమ్ముడా."

జెస్సీ ఫోను చూసి నవ్వాపుకోలేకపోయింది. "మేడం, శ్రోతల గ్రూపులో అందరూ ఇది నకిలీ క్లిప్పంటున్నారు. పగిలిన హెల్మెట్ మళ్ళీ ఎలా వచ్చిందని తిడుతున్నారు."

నవ్య కుర్చీలో వెనక్కి వాలింది.

"ముందు యజమానులకు ఫోను చెయ్యన్నా," అన్నాడు మస్తాన్. "తిట్లు నువ్వే తిను."

బసవరాజు వరండాలోకి వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"నిన్ను రేపు మామూలుగానే రమ్మండారు," అన్నాడు మస్తాన్‌తో.

"మరి నిన్ను?"

"నన్నూ రమ్మండారు. పలకా బలపం తెచ్చుకోమండారు."